కందకాలకు వెళ్ళిన ఊళ్ళు – 6: హిర్ష్ ఇంటి నలుగురు కొడుకులు

గత భాగంలో ఫ్రిట్స్ హాబర్ వెంట కార్ల్స్‌రూహె ప్రయోగశాలలోంచి బెల్జియం పొలాల దాకా వెళ్ళాం. 1909లో ఈ ఊరి సాంకేతిక విద్యాలయంలోనే ఆయన గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చి చూపించాడు. పొలాలకు ఎరువు, ఫిరంగులకు మందుగుండు, రెండూ ఆ ఒక్క పనిలోంచే వచ్చాయి. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ పట్నం దగ్గర శత్రువుల మీదికి క్లోరిన్ వాయువు వదిలిన పథకమూ ఆయనదే. పది రోజులకు భార్య క్లారా ఆయన తుపాకీతోనే కాల్చుకుని చనిపోయింది. అక్కడ ఆగాం.

ఈ వారమూ ఊరు అదే. కాకపోతే ప్రొఫెసర్ల వీధి వదిలి ఒక వర్తకుడి ఇంటికి వెళ్దాం. ఇంటి యజమాని బెర్టోల్డ్ హిర్ష్, ఇల్లాలు ఎమ్మా. యూదులు. సంతానం చాలామందే. వాళ్ళలో నలుగురు మగపిల్లలు, లియోపోల్డ్, మాక్స్, యూలియస్, రుడాల్ఫ్, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో పనిచేశారు. ముగ్గురు తిరిగొచ్చారు. లియోపోల్డ్ 1918లో బెల్జియంలోని కెమ్మెల్ కొండ దగ్గర చనిపోయాడు.

ఫుట్‌బాల్ చరిత్ర చదివినవాళ్ళకు యూలియస్ హిర్ష్ పేరు తెలిసే ఉంటుంది. అతని పేరు మీద ఇప్పుడు జర్మనీలో ఏటా ఒక పురస్కారం ఇస్తున్నారు. లియోపోల్డ్‌కి అలాంటిదేమీ లేదు. యుద్ధం ముగిసిన పదిహేనేళ్ళకు యూలియస్ రాసిన ఒక ఉత్తరంలో, అన్నదమ్ముల జాబితాలో, ఒక వరుసగా మిగిలాడు. ఆ ఒక్క వరుస రాయాల్సిన అవసరం తమ్ముడికి ఎందుకొచ్చిందన్నదే ఈ భాగం.

ముందు ఊరు. కార్ల్స్‌రూహె పాత ఊరేమీ కాదు. 1715లో బాడెన్ పాలకుడు కార్ల్ విల్‌హెల్మ్ అడవి మధ్యలో కోట కట్టుకుని, కోట బురుజు నుంచి నాలుగు దిక్కులా దారులు గీయించాడు. దక్షిణం వైపు దారుల మధ్య ఊరు పెరిగింది. పైనుంచి చూస్తే విప్పిన విసనకర్ర. జర్మన్లు ఇప్పటికీ దాన్ని విసనకర్ర నగరమనే పిలుస్తారు. కొత్త ఊరికి జనం కావాలి కదా! అందుకని వచ్చి స్థిరపడేవాళ్ళకు రాయితీలు ప్రకటించారు, ఏ మతమైనా పాటించుకోవచ్చన్నారు. యూదులు మొదటి తరంలోనే వచ్చారు. అంటే ఈ ఊళ్ళో వాళ్ళు మధ్యలో చేరిన అతిథులు కారు. కోట గోడలెంత పాతవో వాళ్ళ కాపురాలూ ఇంచుమించు అంతే పాతవి.

అయినా పూర్తి పౌరహక్కులు 1862లో గానీ రాలేదు. వచ్చాక మాత్రం మార్పు చకచకా జరిగింది. కార్ల్స్‌రూహెలోనే పుట్టిన మొరిట్స్ ఎల్‌స్టెట్టర్ 1868లో బాడెన్ రాజ్యానికి ఆర్థికమంత్రి అయ్యాడు. జర్మన్ రాజ్యాలలో మంత్రి పదవి దక్కిన తొలి యూదుడు అతనే. పాతికేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు. 1910 నాటికి ఊరి జనాభా సుమారు 1,34,000. అందులో యూదులు 3,000 మంది ఉంటారు. బట్టల దుకాణాలు, తోళ్ళ వ్యాపారం, వకీళ్ళు, డాక్టర్లు. హిర్ష్‌లాంటి ఇళ్ళలో పిల్లల్ని చదివించి, వ్యాపారంలో పెట్టి, ఆదివారం అందరితోపాటు పార్కుకు వెళ్ళే జీవితం.

తెరుచుకోని తలుపు ఒకటుండేది. సైన్యం. బాడెన్ సైన్యం 1870 తర్వాత ప్రష్యా సైన్యంలో కలిసిపోయింది. చదువుకున్న కుర్రాళ్ళు తమ ఖర్చు తామే పెట్టుకుని ఒక్క ఏడాది పనిచేస్తే, ఆ తర్వాత రిజర్వు అధికారి హోదా వచ్చేది. ఆ రోజుల్లో పెళ్ళి సంబంధాలకూ ఉద్యోగాలకూ ఆ హోదా ఎంతో విలువైనది. 1885 తర్వాత యుద్ధం వచ్చేదాకా ప్రష్యా సైన్యం ఒక్క యూదుణ్ణీ రిజర్వు అధికారిగా తీసుకోలేదు. కాదని రాసిన చట్టం ఎక్కడా లేదు. పేరు సిఫార్సు చేయాల్సింది రెజిమెంటు అధికారులే. వాళ్ళు చేయరు, అంతే. మంత్రి కావచ్చు, లెఫ్టినెంటు కాకూడదు! 1914లో యూదు కుర్రాళ్ళు అంత ఉత్సాహంగా బ్యారక్స్ ముందు ఎందుకు బారులు తీరారో తెలియాలంటే ఈ మూసిన తలుపు గుర్తుండాలి.

తలుపులు లేని చోటు మైదానం. కార్ల్స్‌రూహెకు ఫుట్‌బాల్ తెచ్చినవాడు వాల్టర్ బెన్సెమాన్ అనే యూదు విద్యార్థి. పదహారేళ్ళ వయసులో, 1889లో, తోటి పిల్లల్ని కూడగట్టి ఆట మొదలెట్టాడు. 1891లో కార్ల్స్‌రూహె ఫుట్‌బాల్ సంఘం పుట్టింది. దాని మైదానం టెలిగ్రాఫ్ దళం బ్యారక్స్ పక్కనే. ఇటు పిల్లలు బంతి తంతుంటే అటు సిపాయిలు కవాతు చేసేవారు. హిర్ష్ ఇంటి ఏడో సంతానం యూలియస్ 1892 ఏప్రిల్ 7న ఆఖెర్న్‌లో పుట్టాడు. పదేళ్ళకే, 1902లో, ఈ సంఘంలో చేరిపోయాడు.

ఆ తర్వాతి పదేళ్ళూ జర్మన్ ఫుట్‌బాల్‌కి రాజధాని కార్ల్స్‌రూహె అంటే తప్పులేదు. 1909లో ఊళ్ళోని రెండో జట్టు ఫీనిక్స్ జాతీయ విజేత. మరుసటి ఏడు సెమీఫైనల్లో ఊరి జట్లు రెండూ తలపడ్డాయి. గెలిచిన హిర్ష్ జట్టు ఫైనల్లో హోల్‌స్టైన్ కీల్‌ని 1–0తో ఓడించి కప్పు తెచ్చింది. పోటీ ఎంత దాకా వెళ్ళిందంటే, ఒకే వీధిలో రెండు జట్ల అభిమానులుంటే ఆ వారం పలకరింపులు ఉండేవి కావేమో అని నాకు అనుమానం. ముందు వరుసలో ఫార్వర్డ్‌లు ముగ్గురు: ఫోర్డెరర్, ఫుక్స్, హిర్ష్. గాట్‌ఫ్రీడ్ ఫుక్స్ కూడా యూదుడే. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రష్యా మీద ఒక్కడే పది గోల్స్ కొట్టాడు. జర్మన్ జట్టులో ఆ రికార్డు నేటికీ అతనిదే. అదే ఏడాది మార్చిలో పంతొమ్మిదేళ్ళ యూలియస్ నెదర్లాండ్స్ మీద నాలుగు గోల్స్ వేశాడు. ఒక్క అంతర్జాతీయ పందెంలో నాలుగు కొట్టిన తొలి జర్మన్ ఆటగాడు అతను.

ఉద్యోగరీత్యా న్యూరెంబర్గ్ వైపు వెళ్ళిన యూలియస్, ఫ్యూర్త్ జట్టులో చేరాడు. 1914 మే 31న ఆ జట్టు లైప్‌జిగ్‌తో ఫైనల్ ఆడింది. తొంభై నిమిషాల్లో తేలలేదు. అదనపు సమయమూ చాలలేదు. మొత్తం నూట యాభై నిమిషాలు దాటాక ఫ్యూర్త్ 3–2తో నెగ్గింది. సరిగ్గా నాలుగు వారాలకు, జూన్ 28న, సారయెవోలో తుపాకీ పేలింది.

ఆగస్టు 4న జర్మన్ చక్రవర్తి కైజర్ తనకిక పార్టీలు లేవని, జర్మన్లు మాత్రమే ఉన్నారని ప్రకటించాడు. యూదుల సంఘాలు తమ వాళ్ళను విధిని మించి సేవ చేయమని కోరాయి. కార్ల్స్‌రూహెకు ఉత్తరాన ఉన్న మన్‌హైమ్ నుంచి పార్లమెంటు సభ్యుడు, సోషల్ డెమోక్రాట్, యూదుడు లుడ్‌విగ్ ఫ్రాంక్ నలభై ఏళ్ళ వయసులో స్వచ్ఛందంగా సైన్యంలో చేరాడు. సెప్టెంబరు 3న లొరేన్‌లో చనిపోయాడు. జర్మన్ పార్లమెంటు సభ్యుల్లో యుద్ధంలో రాలిన మొదటివాడు అతనే. మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ ఓడ కథ తెలుగు పాఠకులకు తెలుసు. అది 1914 సెప్టెంబరు 22. సరిగ్గా ఆ వారాల్లోనే అట్లాంటిక్‌లో బ్రిటిష్ సరుకు ఓడల్ని వేటాడుతున్న మరో జర్మన్ యుద్ధనౌక పేరు కార్ల్స్‌రూహె. నవంబరు 4న తనలోనే జరిగిన పేలుడుతో అది మునిగిపోయింది. ఊరి పేరున్న ఓడ ఊరి కుర్రాళ్ళు చాలామంది కంటే ముందే పోయింది.

హిర్ష్ ఇంట్లోంచి యూలియస్ నాలుగేళ్ళు సైన్యంలో పనిచేశాడు. రెండో తరగతి ఐరన్ క్రాస్ వచ్చింది. మాక్స్, రుడాల్ఫ్, లియోపోల్డ్ కూడా రంగంలోకి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళ గురించి మనకు పతకాలు, రెజిమెంట్లు, తేదీలు దొరుకుతాయి. ఇంట్లో మిగిలినవాళ్ళ యుద్ధం గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఎమ్మాలాంటి తల్లులకు ఆ నాలుగేళ్ళూ ఎలా గడిచాయో ఊరి రోజువారీ జీవితంలోంచే ఊహించుకోవాలి.

1915 మొదట్లో రొట్టెకి కార్డు వచ్చింది. పిండి చాలక రొట్టెలో బంగాళాదుంప కలిపారు. బ్రిటిష్ నౌకాదళం సముద్రాన్ని మూసేసింది. తినేవాటికీ పొలాల ఎరువుకీ కూడా దిగుమతి లేదు. హాబర్ అమ్మోనియా వస్తోంది గానీ అది ముందు ఫిరంగులకు వెళ్ళేది. 1916లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. ఆ చలికాలాన్ని జర్మన్లు టర్నిప్ చలికాలమని గుర్తుపెట్టుకున్నారు. అంతకుముందు ఎక్కువగా పశువులకు వేసే దుంపే కూరా, రొట్టే, జామూ, ఆఖరికి ఎండబెట్టి మరిగించిన కాఫీ కూడా. ఇళ్ళలోని రాగి, ఇత్తడి సామాను సర్కారు తీసుకుంది. చర్చి గంటలూ కరిగిపోయాయి. మరో పక్క ఉత్తరాలు. నాలుగేళ్ళలో జర్మన్ సైనిక తపాలా మోసినవి దాదాపు 2,800 కోట్ల ఉత్తరాలూ పార్శిళ్ళూ అంటారు. మేజోళ్ళు, పొగాకు, కేకు ముక్కలు. కొడుకు చనిపోతే తల్లి రాసిన చివరి ఉత్తరం, వీరమరణం పొందాడన్న ముద్రతో, ఆమె దగ్గరికే తిరిగొచ్చేది. కొన్నిసార్లు అధికారిక సమాచారం కంటే ఆ ఉత్తరమే ముందు చేరేది.

యుద్ధం ఊళ్ళోకీ వచ్చింది. 1915 జూన్ 15న ఫ్రెంచ్ విమానాలు కార్ల్స్‌రూహె మీద మొదటిసారి బాంబులు వేశాయి. మరుసటి ఏడాది జూన్ 22 మరీ ఘోరం. ఆ రోజు గురువారం, క్రైస్తవుల పండగ. ఊరి మైదానంలో హాగెన్‌బెక్ సర్కస్ డేరా వేసింది. మధ్యాహ్నం ఆటకు పిల్లలతో నిండిపోయింది. ఫ్రెంచ్ విమానాలు తమ బార్-ల్-డ్యూక్ పట్నం మీద జర్మన్లు చేసిన దాడికి బదులు తీర్చుకోవడానికి వచ్చాయి. రైల్వే స్టేషన్‌ని కొట్టాలనుకున్నారని, అయితే చేతిలో ఉన్నది పాత పటమని చెబుతారు. స్టేషన్ 1913లోనే ఊరి దక్షిణానికి మారిపోయింది. పాత చోటుకి దగ్గర్లో ఇప్పుడు డేరా ఉంది. 120 మంది చనిపోయారు. అందులో 71 మంది పిల్లలు. బాంబు మతం చూడలేదు, ఊరు కూడా ఆ రోజుకి చూడలేదు.

ఆ ఐక్యత నాలుగు నెలలు కూడా నిలవలేదు. యుద్ధం సాగేకొద్దీ, ఆకలి పెరిగేకొద్దీ, ఎవరో ఒకరు ద్రోహం చేస్తున్నారన్న మాట జనంలో పాకింది. యూదులు రంగానికి వెళ్ళకుండా ఆఫీసుల్లో దాక్కుంటున్నారని సైన్యానికి ఫిర్యాదులు వచ్చి పడ్డాయి. 1916 అక్టోబరు 11న ప్రష్యా యుద్ధమంత్రి ఒక ఉత్తర్వు ఇచ్చాడు: సైన్యంలో ఉన్న ప్రతి యూదుణ్ణీ లెక్కించండి, ఎవరు ముందు వరుసలో, ఎవరు వెనక, ఎంతమంది చనిపోయారు. కందకంలో పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరిలో ఒకణ్ణి మాత్రమే కాగితం మీదకి ఎక్కించడం. లెక్క పూర్తయింది, ఫలితం మాత్రం యుద్ధకాలంలో ప్రకటించలేదు. దాచారు కాబట్టి పుకారే నిజమని జనం అనుకున్నారు. ఆ లెక్క చేసిన చేటు తర్వాతి ఏ ఓటమీ చేయలేదని నాకనిపిస్తుంది. నిజానికి జర్మనీలో ఉన్నది సుమారు అయిదున్నర లక్షల మంది యూదులు. వాళ్ళలో లక్ష మంది దాకా సైన్యంలో పనిచేశారు. దాదాపు 12,000 మంది చనిపోయారు.

వాళ్ళలో ఒకడు లియోపోల్డ్. కెమ్మెల్ కొండ పేరుకే కొండ. ఎత్తు నూట అరవై మీటర్లయినా ఉండదు. ఫ్లాండర్స్ నేల బల్లపరుపు కాబట్టి దాని మీద నిలబడితే ఈప్ర్ దాకా అంతా కనిపిస్తుంది. అందుకే రెండు వైపులకీ ఆ గుట్ట కావాలి. 1914 అక్టోబరులో ఆ చుట్టుపక్కలే మన సిపాయిలు కూడా జర్మన్లను ఎదిరించారు. కొద్ది మైళ్ళ దూరంలోని హాలెబెక్ దగ్గర పోరాడిన ఖుదాదాద్ ఖాన్‌కి భారతీయ సిపాయిల్లో మొట్టమొదటి విక్టోరియా క్రాస్ దక్కింది.

1918 మార్చిలో జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ చివరి పందెం కాశాడు. రష్యా యుద్ధం నుంచి తప్పుకుంది, అమెరికన్లు ఇంకా పూర్తిగా దిగలేదు. ఈ సందులో పశ్చిమంలో గెలవాలి. ఏప్రిల్ 25న తెల్లవారుజామున వాయువు గుండ్లు కురిపించాక జర్మన్ పర్వత దళం కెమ్మెల్‌ని ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకుంది. అంతటితో ముందుకు కదలిక ఆగింది. వేసవంతా అక్కడున్న జర్మన్ రెజిమెంట్లు, తాము గెలిచిన గుట్టను పట్టుకుని కూర్చుని, దాని మీద పడే ఫిరంగి గుండ్లు కాచుకున్నాయి. ఆగస్టు నెలాఖరుకి వదిలేసి వెనక్కి వచ్చేశాయి. లియోపోల్డ్ ఆ గుట్ట దగ్గరే చనిపోయాడు. జర్మనీ నాలుగు నెలలు ఉంచుకుని వదిలేసిన చోటు కోసం. మొదట్లో హాబర్ వాయువు వదిలిన ఈప్ర్ అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. కార్ల్స్‌రూహె ఈ యుద్ధానికి పంపిన రెండూ, బుర్రా నెత్తురూ, ఒకే జిల్లాలో కలిశాయి.

నవంబరులో యుద్ధం ముగిసింది. అదే నెల 22న బాడెన్ పాలకుడు గద్దె దిగాడు. యూలియస్ తిరిగొచ్చి తండ్రి వ్యాపారంలో చేరాడు. ఆ వ్యాపారం ఏమిటో తెలుసా? జెండాలు. సిగ్నల్ జెండాలు తయారుచేసే ఫ్యాక్టరీ, పేరులో జర్మన్ అన్న మాటతో సహా. 1920లో ఎల్లెన్ అనే క్రైస్తవ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. కొన్నాళ్ళు మళ్ళీ ఆడాడు, తర్వాత కుర్రాళ్ళకు ఆట నేర్పాడు. 1926లో అన్న మాక్స్‌తో కలిసి ఫ్యాక్టరీ చేతిలోకి తీసుకున్నాడు. 1933 మొదట్లో అది దివాలా తీసింది. అదే చలికాలంలో జనవరి 30న హిట్లర్ గద్దెనెక్కాడు.

ఏప్రిల్ 7న కొత్త చట్టం వచ్చింది. యూదులు సర్కారీ కొలువుల్లో ఉండకూడదు. ఆ రోజు యూలియస్‌కి నలభై ఒకటో పుట్టినరోజు. వృద్ధ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పట్టుబట్టడంతో చట్టంలో ఒక మినహాయింపు పెట్టారు: యుద్ధంలో ముందు వరుసలో పోరాడినవాళ్ళకు, యుద్ధంలో తండ్రినో కొడుకునో పోగొట్టుకున్నవాళ్ళకు వర్తించదు. తండ్రి, కొడుకు. అన్నదమ్ముల ప్రస్తావన లేదు. యూలియస్ సర్కారు ఉద్యోగి కాడు కాబట్టి ఆ చట్టం అతన్ని నేరుగా తాకలేదు. కానీ సర్కారు మరణాలను ఏ తూకంతో తూస్తోందో అందులో కనిపిస్తుంది. లియోపోల్డ్ చావు తండ్రి బెర్టోల్డ్ పేర చెల్లుతుంది. తమ్ముడి పేర చెల్లదు. హాబర్‌కి మాత్రం మినహాయింపు వర్తించింది. ఆయన దాన్ని వాడుకోలేదు. తన కింది యూదు ఉద్యోగుల్ని తొలగించడం ఇష్టంలేక రాజీనామా చేసి దేశం వదిలాడు. తొమ్మిది నెలలకు స్విట్జర్లాండ్‌లో చనిపోయాడు.

ఏప్రిల్ 9న దక్షిణ జర్మనీలోని 14 పెద్ద ఫుట్‌బాల్ సంఘాలు, యూదు సభ్యుల్ని తప్పించడంతో సహా కొత్త ప్రభుత్వం చేసే పనులన్నిటికీ సహకరిస్తామని ప్రకటించాయి. యూలియస్ ఆడిన రెండు సంఘాలూ, కార్ల్స్‌రూహె, ఫ్యూర్త్, ఆ జాబితాలో ఉన్నాయి. పేపర్లో చదివి మర్నాడే తన సంఘానికి ఉత్తరం రాశాడు. వెళ్ళగొట్టేదాకా ఆగకుండా తానే సభ్యత్వం వదులుకుంటున్నానని, 1902 నుంచీ ఉన్న సంఘం విడవడం బాధగా ఉందని. అంతటితో ముగించి ఉంటే అదొక రాజీనామా. అతను ముగించలేదు. ఈ రోజు దేశమంతా ద్వేషించే ఈ జనంలోనూ మర్యాదస్తులున్నారని, దేశాన్ని ప్రేమించినవాళ్ళున్నారని, చేతలతోనూ నెత్తురుతోనూ అది చూపారని గుర్తుపెట్టుకోమన్నాడు. గొప్పలకు కాదంటూ, యుద్ధానికి వెళ్ళిన తన తండ్రి కొడుకుల జాబితా రాశాడు. మొదటి పేరు లియోపోల్డ్, కెమ్మెల్ దగ్గర మరణించాడు. తర్వాత మిగతా ముగ్గురు, వాళ్ళ పతకాలు.

నాలుగు గోల్స్ కొట్టినవాడు తన గోల్స్ గురించి ఒక్క మాట రాసినా సంఘం మొహమాటపడేదేమో. రాయలేదు. అన్న చావే తమ ఇంటి దగ్గరున్న పెద్ద పత్రమని నమ్మాడు. ఆ నమ్మకం అతనొక్కడిది కాదు. 1919లో పుట్టిన యూదు మాజీ సైనికుల సంఘం పదిహేనేళ్ళపాటు చనిపోయినవాళ్ళ పేర్లు పోగుచేసి పుస్తకాలుగా అచ్చువేస్తూ, పుకార్లకు జవాబు చెబుతూ వచ్చింది. 1934లో మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన గౌరవ పతకం యూదులకు కూడా వచ్చింది. మరుసటి ఏడాది, యూదుల పౌరసత్వం తీసేసిన న్యూరెంబర్గ్ చట్టాలతో, 1933 చట్టంలోని మినహాయింపులూ పోయాయి. వాల్టర్ బెన్సెమాన్ అప్పటికే స్విట్జర్లాండ్ చేరి చనిపోయాడు. గాట్‌ఫ్రీడ్ ఫుక్స్ కూడా ఐరన్ క్రాస్ పొందిన సైనికుడే. 1937లో దేశం దాటి చివరికి కెనడా చేరాడు. యూలియస్ ఊరు వదల్లేదు.

వచ్చే భాగంలో 1940 అక్టోబరు 22కి వెళ్దాం. ఆ ఉదయం బాడెన్‌లోని యూదుల ఇళ్ళ తలుపులు పోలీసులు తట్టారు. ఒక్కొక్కరికీ 50 కిలోల సామాను, 100 మార్కులు, కాసేపు గడువు. కార్ల్స్‌రూహె నుంచే 900 మందికి పైగా రైలెక్కించారు. రైళ్ళు వెళ్ళింది తూర్పుకి కాదు, పడమటికి, పిరెనీస్ కొండల కింద ఉన్న గుర్స్ శిబిరానికి. ఐరన్ క్రాస్ ధరించి రైలెక్కినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. యూలియస్ ఆ రైళ్ళలో లేడు. అతని రైలు రెండేళ్ళకు పైగా గడిచాక, 1943 మార్చి 1న, మరో దిక్కుకి బయల్దేరింది. దారిలో కూతురికి పంపిన పుట్టినరోజు కార్డు మీద డోర్ట్‌మండ్ తపాలా ముద్ర ఉంది. ఆ రెండు ప్రయాణాల గురించీ వచ్చే వారం.